యానాం: గీత అవతలి గోదావరి

అమలాపురంలో కాకినాడ బస్సెక్కితే ముమ్మిడివరం, మురమళ్ళ దాటాక ఎదుర్లంక దగ్గర గౌతమి మీద పొడవాటి వంతెన వస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు ఆంధ్రప్రదేశ్, దిగేసరికి పుదుచ్చేరి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఆ సంగతి పెట్రోలు బంకుల ముందు వరసకట్టిన బళ్లను చూసి పోల్చుకుంటారు. లేదా మద్యం దుకాణాల బోర్డులు లెక్కపెట్టి. నేల అదే, కొబ్బరి అదే, ఏటి గాలీ అదే.

యానాం చిరునామా చదివితే ఆ ఊరి సంగతి సగం తెలిసిపోతుంది. పిన్‌కోడ్ 533464, తూర్పు గోదావరి వరసలోది. టెలిఫోన్ కోడ్ 0884, కాకినాడది. బండి నంబరు దగ్గరకొచ్చేసరికి పీవై-04. ఊరి పెద్ద అధికారిని రీజినల్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. వ్యాజ్యం పైకి పోతే మద్రాసు హైకోర్టుకు పోవాలి. ఎమ్మెల్యే వెళ్లి కూర్చునేది ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి శాసనసభలో. అక్కడ జనం ఎన్నుకునే 30 మందిలో యానాం వాటా ఒక్కరు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల, 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. ఇళ్లలో వినిపించేది తాళ్ళరేవులోనూ ఎదుర్లంకలోనూ వినిపించే గోదావరి తెలుగే.

ఇంత చిన్న ముక్క ఇన్నాళ్లు విడిగా ఎలా మిగిలింది? ఫ్రెంచివాళ్లు పట్టుకుని వదల్లేదు కాబట్టి అని చాలామంది చెబుతారు. అది సగం జవాబే. మిగతా సగం కోసం నదికి ఇటువైపు, కోనసీమ గడప దగ్గర వెతకాలి. పక్కవాళ్లకు ఆ గీతతో పనిపడినప్పుడల్లా యానాం బతికింది.

మొదట్లో పని బట్టలతో. పద్దెనిమిదో శతాబ్దంలో గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఈ మూల అంతా యూరోపు జెండాలే. ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, అమలాపురానికి దిగువన బెండమూర్లంకలో ఇంగ్లీషువాళ్లు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ వాళ్లే. పాలకొల్లులోనూ కాకినాడ జగన్నాథపురంలోనూ డచ్చివాళ్లు. గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోట, యానాంలో, ఫ్రెంచివాళ్లు. అందరికీ కావలసింది ఒకటే: డెల్టా ఊళ్లలో నేసిన నూలు గుడ్డ. దుబాసీల చేత సాలె ఊళ్లలో బయానాలు ఇప్పించి, నేత అయ్యాక గుడ్డ తెప్పించి, మంచినీటి ఏటి ఒడ్డున చలువ చేయించి ఓడకెక్కించేవారు. లోపలి పాయల్లో తిరిగే పడవలకూ సముద్రం మీద తిరిగే ఓడలకూ ఇక్కడ సరుకు మార్చుకునే వీలుంది. యానాం పుట్టుకకు ఆ వీలే కారణం. ఏ రాజూ ముచ్చటపడి కట్టించిన పట్నం కాదిది.

ఫ్రెంచి కంపెనీ 1723లో ఇక్కడ దుకాణం తెరిచింది. లాభం కనపడక 1727లో మూసేసింది. 1731లో మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు కథ ఒక్కసారిగా పెద్దదైంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీకి, సైన్యం ఖర్చుల కింద, ఉత్తర సర్కారులు రాసిచ్చాడు. కొన్నేళ్లపాటు శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఫ్రెంచి మాటే చెల్లింది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం ఆ రోజుల్లోదే. అది ఎక్కువకాలం నిలవలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కర్నల్ ఫోర్డు చేతిలో ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పోయింది. తెలుగుదేశం మీద పెత్తనం చేద్దామనుకున్న దేశానికి చివరికి ఏటి ఒడ్డున ఒక గోదాము, నాలుగు పేటలు మిగిలాయి.

ఆ మిగిలినదైనా ఒక్క చేతిలో ఉండలేదు. యూరోపులో ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ పోరు మొదలైనప్పుడల్లా నీలపల్లి, ఇంజరం వైపు నుంచి ఇంగ్లీషువాళ్లు వచ్చి యానాం పట్టుకునేవారు. అక్కడ సంధి కుదిరాక తిరిగి ఇచ్చేసేవారు. 1763 పారిస్ సంధి, 1783 సంధి, 1814 పారిస్ సంధి, ప్రతిసారీ ఇదే తంతు. ఆఖరిసారి తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం మెలిక పెట్టారు. కోటలు కట్టకూడదు, పోలీసు పనికి చాలినంత మందికి మించి సిపాయిలను ఉంచకూడదు. 1817 నుంచి యానాం ఆయుధం లేని ఊరు. దాని హద్దును కాపాడింది ఆ ఒప్పంద కాగితమే.

ఇక్కడికి వచ్చిన దొరల్లో ఒకతని కథ చెప్పుకోదగ్గది. పియర్ సొన్నెరా ప్రకృతి శాస్త్రజ్ఞుడు, చిత్రకారుడు. భారతదేశం, చైనా తిరిగి 1782లో పెద్ద యాత్రాగ్రంథం అచ్చువేశాడు. మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు, గాలస్ సొన్నెరాటి, ఇతని పేరు మీదే. 1790లో ఇతను యానాం అధికారిగా వచ్చాడు. ఫ్రాన్సులో విప్లవం, ఇక్కడ గుడ్డల పద్దులు. 1793లో మళ్లీ యుద్ధం వచ్చి ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయారు. ఇరవై ఏళ్లు వాళ్ల చేతుల్లో బందీగా ఉన్నాడు. పిట్టలను, పూలను వెతుక్కుంటూ లోకం తిరిగినవాడికి యానాం మంచి మజిలీ కాలేకపోయింది.

యుద్ధాలకంటే నీళ్లే ఎక్కువ పాడుచేశాయి. 1789లో ఒకటి, 1839 నవంబరు 25న ఇంకొకటి, సముద్రం కోరంగి మీదికి లేచివచ్చింది. రెండో ఉప్పెనలో మూడు లక్షలమంది పోయారని, ఇరవై వేల ఓడలు ముక్కలయ్యాయని పుస్తకం వెంట పుస్తకం రాస్తూ వచ్చింది. ఆ అంకెలు నమ్మబుద్ధి కాదు. కోరంగి రేవులో అన్ని ఓడలు నిలిచే చోటెక్కడిది? రేవు మాత్రం ఆ తర్వాత కోలుకోలేదు. పాయ పూడిపోయింది, వర్తకం కాకినాడకు తరలింది. యానాం నుంచి గుడ్డల మూటలు పోవడం తగ్గి, మనుషులు పోవడం మొదలైంది.

ఆ వలస కథలో యానాంకు పెద్ద స్థానమే ఉంది. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివారి చెరకు దీవి రీయూనియన్‌కు, అప్పటి బూర్బోన్‌కు, 1828లో ఒప్పంద కూలీలుగా వెళ్లిన తొలి భారతీయులు యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లే. బ్రిటిష్ ఇండియా నుంచి మారిషస్‌కు పెద్ద ఎత్తున కూలీల ఓడలు కదలడం ఆ తర్వాతి సంగతి. పక్కనున్న కోరంగి నుంచి బర్మాకు పోయినవాళ్లు ఎంతమందంటే, రంగూనులో తెలుగువాళ్లందరినీ కోరంగీలనేవారు. కూలికి జనాన్ని పోగుచేసేవాడికి ఫ్రెంచి హద్దు చేతికందిన వరమైంది. ఇంగ్లీషు అధికారి అడ్డుచెప్పలేని రేవు, రెండడుగుల దూరంలో.

అదే శతాబ్దం చివరిలో యానాం మరోరకం జనాన్నీ పెంచింది. 1870లో కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తర్వాత తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన శతావధాని, కుర్రతనంలో చదువుకున్నది ఈ ఊళ్లోనే. ఊరి మధ్యన మీసాల వేంకటేశ్వరస్వామి గుడి, నాలుగడుగులు వేస్తే 1846 నాటి క్యాథలిక్ చర్చి. పురాణం చెప్పే పంతులూ ఫ్రెంచి చెప్పే మేష్టారూ ఒకే వీధిలో ఎదురయ్యే ఊరు. ఫ్రెంచి భాష మాత్రం బడి గోడ, కచేరీ గోడ దాటి పెద్దగా వెళ్లలేదు. వంటింట్లోకి అసలే పోలేదు.

ఇంట్లోకి వెళ్లింది ఫ్రెంచి చట్టం. అదీ కావలసినప్పుడే. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని పంపింది. 1880లో యానాం మునిసిపాలిటీ అయింది. ఏటికి ఇవతల పన్ను కట్టేవాడికే ఓటు ఉన్న రోజుల్లో అవతల మామూలు మగవాడికీ ఓటు ఉండేది. అయితే ఆ ఓట్ల పెట్టెల్లో ఏం పడుతుందో పెట్టె తెరవకముందే తెలిసిపోయేదట. ఫ్రెంచి ఇండియా ఎన్నికలకు దొంగ ఓట్ల పేరు బాగానే ఉండేది. 1881 సెప్టెంబరు డిక్రీ ప్రకారం, కోరుకున్న హిందువు, క్రైస్తవుడు తన కులాచారపు చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. వదులుకోనివాడికి పెళ్లి, వారసత్వం విషయాల్లో పాత ఆచారమే చెల్లుతుంది. యానాంలో అత్యధికులు వదులుకోలేదు. ఆ మినహాయింపు యాభై ఏళ్ల తర్వాత కోనసీమకు ఎంత పనికొస్తుందో డిక్రీ రాసినవాళ్లకు కలలోనైనా తట్టి ఉండదు.

1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. హర్‌బిలాస్ శారదా ప్రతిపాదించింది కాబట్టి ఆ పేరు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నెలదాకా జైలు, వెయ్యి రూపాయలదాకా జరిమానా. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. రజస్వల కాకముందే కన్యాదానం చేయకపోతే పాపమని నమ్మిన కుటుంబాలు డెల్టా అంతటా గుండెలు బాదుకున్నాయి. కొందరు గడువులోగా తొందరపడి ఉయ్యాల్లోని పిల్లకు సైతం పుస్తె కట్టించారు. గడువు దాటినవాళ్లకు దారి చూపించింది గౌతమి.

ఆ చట్టం యానాంలో చెల్లదు. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు వైపు నుంచి పెళ్లివారు బళ్లలో ఏటిదాకా వచ్చి, పడవల్లో ఆవలికి దాటేవారు. మేళం, అరటి బోదెలు, అప్పడాల డబ్బాలు, తొమ్మిదేళ్ల పెళ్లికూతురు, అన్నీ ఒకే పడవలో. యానాంలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకు, పందిళ్లు వేసేవాళ్లకు, వంటవాళ్లకు, పురోహితులకు తీరిక లేదు. మంచి ముహూర్తం వస్తే ఇంటి అరుగులు కూడా చాలేవి కావు. వీధిలో ఒక పెళ్లి భజంత్రీలు పక్క పెళ్లి మంత్రాలను మింగేసేవి. ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. నదికి ఇవతల మురమళ్ళలో వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం, అవతల యానాంలో మనుషులకు.

ఈ కథ ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటారు. పదేళ్ల పిల్ల వైపు నుంచి చూస్తే నవ్వు రాదు. సంస్కరణ కోసం పట్టుబట్టిన గోదావరి జిల్లా, వీరేశలింగం గారి జిల్లా, ఆ సంస్కరణ నుంచి తప్పించుకునే దారిని కూడా పెరట్లోనే ఉంచుకుంది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని గోడల మీద రాసుకున్న రిపబ్లిక్ నీడలో బాల్యవివాహాలు జరిగాయి. 1938లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. తన ప్రజలు ఎక్కడికెళ్లి పెళ్లి చేసినా శిక్ష పడేలా మార్చింది. రాకపోకలు అప్పటినుంచి పలచబడ్డాయి. కల్యాణపురం పేరు నిలిచిపోయింది.

1947 ఆగస్టు తర్వాత అదే గీతకు వేరే అర్థం వచ్చింది. ఇవతల స్వతంత్ర దేశం, అవతల ఇంకా ఫ్రెంచి జెండా. 1949లో కస్టమ్స్ ఒప్పందం ముగియడంతో, రోజూ చేపలమ్ముకుని వచ్చే మనిషికి కూడా తనిఖీ తప్పలేదు. యానాంలో పెద్దలు రెండుగా చీలారు. విలీనం కావాలన్నవాళ్లలో కొందరు కాకినాడ చేరి అక్కడినుంచి ఉద్యమం నడిపారు. ఫ్రెంచివాళ్లే ఉండాలన్నవాళ్ల చేతుల్లో మునిసిపాలిటీ ఉంది. వాళ్లందరినీ దేశద్రోహులని కొట్టిపారేయడం తేలికే. కానీ ఊరి పదవులు, పింఛన్లు, సైగాన్‌లో ఫ్రెంచి కొలువులు, చేసుకుంటున్న వ్యాపారం, వాళ్లు లెక్కవేసుకున్నవి ఇవి.

1954లో లెక్క తారుమారైంది. మే 7న వియత్నాంలో దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సేన లొంగిపోయింది. జూన్ 12న పారిస్‌లో లానియెల్ ప్రభుత్వం పడిపోయింది. మర్నాడు, ఆదివారం జూన్ 13న, యానాం మీదికి వాలంటీర్ల దండు వచ్చింది. నడిపినవాడు దడాల రఫేల్ రమణయ్య. యానాం ఫరంపేటలో పుట్టినవాడు, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలోనే పనిచేసినవాడు. కాల్పులు జరిగాయి. ఫ్రెంచి పక్షాన గట్టిగా నిలబడిన స్థానిక నాయకుడు సమతం కృష్ణయ్య తుపాకి గుండుకు ప్రాణం విడిచాడు. జెండా మారింది. ఊళ్లో కొత్త పాలన ప్రకటించారు. తర్వాత దడాల తన పోరాట జ్ఞాపకాలను పుస్తకంగానూ రాశాడు. వచ్చినవాళ్లలో యానాం వాళ్లెందరు, ఆంధ్ర వైపు నుంచి కలిసినవాళ్లెందరు అన్నది అప్పుడే కాదు, ఇప్పటికీ వాదనకు దొరికే విషయం. భారత అధికారుల అండ లేకుండా జరిగే పని మాత్రం కాదది.

సరిగ్గా ఇలాంటిదే ముప్పై ఏళ్ల ముందు యూరోపులో, బాల్టిక్ తీరాన జరిగింది. నెమునాస్ నది వచ్చి కలిసే కయ్య సముద్రంలోకి తెరుచుకునే చోట క్లైపెడా అనే రేవు పట్నం ఉంది. జర్మన్లు దాన్ని మేమెల్ అన్నారు. 1252లో కోట కట్టింది జర్మన్ వీరసంఘం. పై నుంచి నది మీద దుంగలు తేలివచ్చేవి, పట్నం కలప అమ్ముకుని బతికేది. పట్నంలో మాట జర్మన్, చుట్టుపక్కల పల్లెల్లో లిథువేనియన్. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1919 వెర్సాయ్ సంధి ఆ ముక్కను జర్మనీ నుంచి విడదీసి ఎవరికీ ఇవ్వకుండా వదిలేసింది. కాపలాకు వచ్చినవాళ్లు ఎవరనుకున్నారు, ఫ్రెంచివాళ్లే. 1920 నుంచి ఒక ఫ్రెంచి కమిషనర్, కొద్దిమంది ఫ్రెంచి సిపాయిలు ఆ పట్నాన్ని ఏలారు.

1923 జనవరిలో అక్కడ 'స్థానికుల తిరుగుబాటు' లేచింది. అసలు సంగతేమిటంటే, తిరగబడ్డవాళ్లలో చాలామంది పక్కనున్న లిథువేనియా నుంచి రైలెక్కి మామూలు బట్టల్లో వచ్చిన సైనికులు, వాలంటీర్లు. వెనకనుంచి నడిపించింది ఆ దేశ ప్రధాని గల్వనౌస్కాస్. జనవరి 15కల్లా పట్నం చేతికొచ్చింది. ఫ్రాన్సు ఆ వారమే జర్మనీలోని రూర్ ప్రాంతంలోకి సేన దింపి ఆ తలనొప్పిలో మునిగి ఉంది. పారిస్ మరో పనిలో తలమునకలైనప్పుడు దూరాన ఒక ఏటిపట్నం చేజారడం, యానాంలోనూ మేమెల్‌లోనూ జరిగింది ఇదే. తర్వాత కూడా పోలికే. 1924 మేలో అగ్రరాజ్యాలు ఒప్పందం రాసి, పట్నాన్ని లిథువేనియాకు ఇస్తూనే దానికంటూ ఒక శాసనసభ, ఒక ప్రత్యేక హోదా కట్టబెట్టాయి.

అక్కడితో దారులు చీలాయి. 1939 మార్చిలో హిట్లర్ హెచ్చరికతో మేమెల్ జర్మనీ పాలైంది. 1945 జనవరిలో ఎర్రసైన్యం వచ్చేసరికి పట్నం దాదాపు ఖాళీ. తరతరాల జర్మన్ కుటుంబాలు వెళ్లిపోయాయి. లిథువేనియన్లు, రష్యన్లు వచ్చి ఆ ఇళ్లలో దిగారు. వీధులు పాతవి, మనుషులు కొత్తవాళ్లు. యానాంలో మనుషులు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. ఆదివారం రాత్రి ఫ్రెంచి రాజ్యంలో పడుకోవలసినవాళ్లు భారత జెండా కింద పడుకున్నారు, అంతే. విలీనాన్ని ఎదిరించిన ఇళ్లూ, కోరిన ఇళ్లూ ఆ తర్వాత అదే మునిసిపాలిటీలో పక్కపక్క వార్డుల్లో ఓట్లడిగాయి.

1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మంది ఓటింగుకు కూర్చున్నారు. 170 మంది విలీనానికి ఓటేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలు. ఫ్రెంచి పార్లమెంటు దాన్ని 1962లోగాని ఆమోదించలేదు. ఆగస్టు 16న అది చట్టరీత్యా ముగిసింది. అంటే ఎనిమిదేళ్లపాటు యానాం పెత్తనం ఢిల్లీది, పట్టా పారిస్‌ది.

మరి అప్పుడే ఆంధ్రలో ఎందుకు కలపలేదు? బెంగాల్లో చందర్‌నగర్ అలాగే కలిసింది, 1954లో. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రమని 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా. యానాం మాత్రం బయటే ఉంది. కారణం ఒప్పందంలోని రెండో అధికరణం. ఈ ప్రాంతాలకు 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది, దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి అని అందులో ఉంది. 1963 జులై 1న కేంద్రపాలిత ప్రాంతం ఏర్పడినప్పుడు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, మ్యాపు మీద ఒకదానికొకటి అందని నాలుగు చుక్కలు, ఒకే ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1965 భాషా చట్టంలో యానాంకు తెలుగు, మాహేకు మలయాళం గుర్తింపు పొందాయి. 1979 జనవరిలో ప్రధాని మొరార్జీ దేశాయ్ ఈ ముక్కల్ని పక్క రాష్ట్రాల్లో కలిపేస్తే పోలేదా అన్న ధోరణిలో మాట్లాడితే పుదుచ్చేరి అట్టుడికింది. కేంద్రం వెనక్కి తగ్గింది.

అంత పట్టుదల దేనికో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకాల కంటే ధరల పట్టిక నయం. పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు తక్కువ. మద్యమూ అంతే. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టి 1997లో సడలించేదాకా, యానాం వైపు వెళ్లే దారులు ఎంత కళకళలాడాయో ఆ కాలపు కోనసీమవాళ్లకు వివరించనక్కర్లేదు. శారదా చట్టం రోజుల్లో పెళ్లివారు నడిచిన బాటే అది.

వంతెన లేనప్పుడు ఆ బాట అంత తేలిక కాదు. ఎదుర్లంక రేవులో పంటు కోసం, లాంచీ కోసం గంటలు కాచుకోవాలి. వరదలొస్తే అదీ లేదు. ఎదుర్లంకలోనే పుట్టి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. అదే ఏడాది తెరిచిన వంతెనకు ఆయన పేరే పెట్టారు. కాకినాడ నుంచి అమలాపురం దారి అప్పటినుంచి యానాం నడివీధి మీదుగానే.

వంతెన వచ్చాక ఊరికి సింగారమూ పెరిగింది. ఐఫిల్ టవర్ పోలికలో సుమారు వంద మీటర్ల ఎత్తున ఒక స్తంభం లేపారు. గౌతమి ఒడ్డున విగ్రహాలు, నడక దారులు. ఫ్రెంచివాళ్లు ఉన్న రెండు శతాబ్దాల్లో కట్టని ఫ్రెంచి గుర్తును వాళ్లు పోయిన యాభై ఏళ్లకు తెలుగువాళ్లు కట్టుకున్నారు. నవ్వుకోవచ్చు, కానీ ఇది యానాంకే పుట్టిన పిచ్చి కాదు. క్లైపెడాలో పాత జర్మన్ కవి సైమన్ దాఖ్ పేరిట ఉన్న ఫౌంటెన్ మీది పడుచుపిల్ల బొమ్మ యుద్ధకాలంలో మాయమైంది. 1989లో ఆ ఊరివాళ్లు మళ్లీ చేయించి పెట్టుకున్నారు. ఇవాళ పర్యాటకులు ఫొటో దిగేది దాని పక్కనే. పాత దొరతనం భయం పోయాక, దాని గుర్తు ఊరికి బేరం తెచ్చే సరుకవుతుంది.

అసలు బేరం చూడాలంటే జులై, ఆగస్టు నెలల్లో యానాం చేపల రేవుకు వెళ్లాలి. ఎర్రనీళ్లు దిగగానే సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస అక్కడ వేలానికి వస్తుంది. గంపల ముందు కూర్చుని పాట పాడించేది మత్స్యకార ఆడవాళ్లే. చేప తోక పట్టి ఎత్తి, మొప్ప తెరిచి ఎర్రగా ఉందో లేదో చూపించి, నీటి చినుకు కూడా ఆరకముందే రేటు వెయ్యి మీద వెయ్యి ఎక్కిస్తారు. రెండు కిలోలు దాటిన చేపకు పదివేలకు మించి పాట పోవడం ఈమధ్య ఏటేటా పత్రికల్లో చూస్తున్నదే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాటను అక్షరాలా పాటించే గిరాకీలు రావులపాలెం నుంచీ భీమవరం నుంచీ కారేసుకు వస్తారు. చేప పడింది ఏ పంచాయతీ నీళ్లలోనో ఎవరికీ పట్టదు.

గీత వల్ల వచ్చే సంపాదన మాత్రం ఎప్పుడూ నిలకడ కాదు. పన్ను రాయితీలను, గోదావరి బేసిన్ గ్యాసును నమ్ముకుని వచ్చిన పెద్ద ఫ్యాక్టరీ రీజెన్సీ సెరామిక్స్. 2012 జనవరిలో కార్మిక వివాదం ముదిరి, ఒక కార్మిక నాయకుడు, ఆ తర్వాత ఫ్యాక్టరీ ఉన్నతాధికారి చనిపోయారు. ఫ్యాక్టరీని తగలబెట్టారు. వేలమంది బతుకుతెరువు ఒక్క రోజులో పోయింది. వరదకైతే ఈ గీత లెక్కే లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్లు, 2022 జులైలో 25 లక్షలు దాటిన నీళ్లు, కోనసీమ లంకలనూ యానాం పేటలనూ కలిపి ముంచాయి. ధవళేశ్వరం గేట్ల కబురు ఆంధ్ర అధికారుల నుంచి రావాలి, సాయం డబ్బు పుదుచ్చేరి నుంచి రావాలి.

ఇప్పటి తరానికి ఆ గీత విలువ తెలిసేది ఇంటర్ పరీక్షలు అయ్యాక. పుదుచ్చేరి ప్రభుత్వ కోటాలోని వైద్య విద్య సీట్లను నాలుగు ప్రాంతాలకు పంచుతారు. పుదుచ్చేరికి 75 శాతం, కారైకాల్‌కు 18, మాహేకు 4, యానాంకు 3. అంకె చిన్నదే. పోటీపడే ఊరు కూడా చిన్నదే కాబట్టి, ఆ సీటు లెక్క ఆంధ్రప్రదేశ్‌లో లక్షలమందితో కుస్తీ పట్టే పిల్లలకు ఊరిస్తూ కనిపిస్తుంది. కావలసింది యానాం నివాస ధ్రువపత్రం, అంటే ఐదేళ్లుగా అక్కడే ఉంటున్నట్టు రుజువు. తొంభై ఏళ్ల కిందట మూడు రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్న కోనసీమ కుటుంబాల మనవలు ఇప్పుడు ఏళ్లకు ఏళ్లు అద్దె కట్టేందుకు సిద్ధపడుతున్నారు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పిల్లవాడు చదివిన బడి రికార్డు, అన్నీ ఒకచోట పెట్టి చూశాకే రెవెన్యూ కార్యాలయంలో సంతకం పడుతుంది. స్థానికులు కానివాళ్లకు పత్రాలు ఇస్తున్నారని యానాంలో పుట్టిపెరిగినవాళ్లు, ఏళ్లుగా ఇక్కడే ఉన్నా ఇవ్వడం లేదని వచ్చి చేరినవాళ్లు అడ్మిషన్ల కాలం రాగానే వాదులాడుకుంటూ ఉంటారు.